కొలతా హస్తవాసీ: నల్ల సైకిలు, కార్బన్ సైకిలు

మన ఊళ్లలో తిరిగే నల్ల సైకిలు చైనులో ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం. పది లక్షలు దాటి పలికే కార్బన్ రోడ్‌బైకు చైనులోనూ అదే అర అంగుళం. నల్ల సైకిలు ఎడమ పెడలు మర ఎదురుగా ఉంటుంది, విప్పాలంటే పానాను అలవాటుకు వ్యతిరేకంగా తిప్పాలి. టూర్ ద ఫ్రాన్స్‌లో పరుగెత్తే సైకిలుకూ అంతే. రెండింటి ఫ్రేమూ రెండు త్రికోణాల కూర్పే. 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సేఫ్టీ సైకిలు తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తరవాత కొద్ది ఏళ్లలోనే సైకిలు ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి కుదురుకుంది. అక్కణ్నుంచి ఆ వంశం రెండు పాయలుగా చీలింది. ఒక పాయ బరువు మోయడానికి, రెండో పాయ గాలిని చీల్చుకుపోవడానికి.

ఈ రెండు పాయలూ ఒకే దేశంలో, ఒకే ఏడాది పక్కపక్కన కనిపించిన చోటు 1948 నాటి ఇటలీ. ఆ జులైలో ఇటలీ పందెగాడు జీనో బార్తాలీ టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1938లో ఒకసారి గెలిచి, యుద్ధం మింగేసిన ఏళ్లు దాటాక మళ్లీ గెలిచాడు. ఆ ఏడాది చివర్లోనే విట్టోరియో డి సికా తీసిన ‘బైసికిల్ థీవ్స్’ విడుదలైంది. అందులో ఉద్యోగం నిలవాలంటే సైకిలుండాలి. కుదువలో ఉన్న సైకిలును విడిపించడానికి ఇల్లాలు ఇంట్లో దుప్పట్లన్నీ తీసి కుదువ పెడుతుంది. ఒకచోట సైకిలు దేశానికి కీర్తి, ఇంకోచోట ఇంటికి కూడు. ఈ రెండింటిలో ఏది అసలైన సైకిలు అని అడగడం నాకు ఇష్టం లేదు. రెండూ అసలైనవే. నేను అడగదలచుకున్నది వేరు: కొత్త సైకిలు కొని, బిగించి, మనిషికి కుదిర్చే పనిలో ఈ రెండు సంప్రదాయాలూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి? ఒకదాని దగ్గర రెండోది నేర్చుకోవలసింది ఏమైనా ఉందా?

నల్ల సైకిలు కొనడం ఎలా ఉండేదో పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. సైకిలు షాపు కప్పుకు కాగితం చుట్టిన ఫ్రేములు వేలాడేవి, గోడవార రిమ్ములు దొంతరగా ఉండేవి. కొనేవాడు ముందు కంపెనీ పేరు చెప్పేవాడు. సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో, మద్రాసు టీఐ వారి హెర్క్యులిస్, బీఎస్‌ఏ, అసన్సోల్‌లో తయారైన ర్యాలీ. పేరు కంపెనీదే అయినా ఇంటికి వచ్చే సైకిలు మాత్రం షాపుదీ, కొన్నవాడిదీ. సీటు ఏది, క్యారియరు ఎంత లావుది, డైనమో ఉండాలా, చైనుకు నిండు కవరా సగం కవరా, టైర్లు ఏ కంపెనీవి, ఇవన్నీ బల్ల దగ్గర తేలాల్సిందే. ఆ తరవాత మేస్త్రి బిగించడం మొదలుపెడితే కొన్నవాడు స్టూలు మీద కూర్చుని ప్రతి నట్టూ చూసేవాడు.

రోడ్‌బైకు లోకంలోనూ చాలాకాలం ఇదే తీరు. 1954లో ఎర్నెస్టో కొల్నాగో మొదలుపెట్టిన కంపెనీ ఫ్రేము కొంటే, దానికి గేర్లూ బ్రేకులూ 1933 నుంచి నడుస్తున్న విచెంజా కాంపాన్యోలో దగ్గర్నుంచి వచ్చేవి. సీటు ఒకరిది, హ్యాండిల్ ఒకరిది, చక్రాలు ఇంకెవరో కట్టినవి. ఇంగ్లిషు రచయిత రాబర్ట్ పెన్ 2010లో ఒక పుస్తకమే రాశాడు. తన కలల సైకిలు కోసం ఫ్రేము ఇంగ్లండులో కొలతలిచ్చి చేయించుకుని, హ్యాండిల్ కోసం మిలాన్‌కూ, చక్రాల కోసం కాలిఫోర్నియాకూ వెళ్లిన కథ అది. చదువుతుంటే మన సైకిలు షాపు బల్లే ఖండాల మీదుగా సాగినట్టనిపిస్తుంది. భాగాలు ఎంచుకోవడంలోనే యజమాని అభిరుచి తెలుస్తుందన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

అయితే ఇప్పటి ఖరీదైన రోడ్‌బైకు ఆ దారి చాలావరకు వదిలేసింది. ఫ్రేము, గేర్లు, చక్రాలు అన్నీ కలిపి ఒకే మోడలుగా డబ్బాలో వస్తుంది. బ్రేకు గొట్టాలు హ్యాండిల్ లోపలి నుంచి ఫ్రేములోకి దిగిపోతాయి. గాలికి అడ్డు తగ్గుతుంది, చూడ్డానికి అందం కూడా. కానీ చాలా మోడళ్లలో హ్యాండిలూ దాన్ని పట్టి ఉంచే స్టెమ్మూ ఒకే ముక్క. ఒక సెంటీమీటరు పొట్టి స్టెమ్ము కావాలంటే ఆ ముక్క మొత్తం మార్చాలి. కొన్నిసార్లు గొట్టాలు విప్పి, బ్రేకుల్లో నూనె మళ్లీ నింపాలి. అందుకే ఇక్కడ ఎంపిక కొన్నాక కుదరదు, కొనకముందే జరగాలి. నల్ల సైకిలుకు హ్యాండిల్ నచ్చకపోతే మరుసటి వారం మార్చుకునేవాళ్లం. కార్బన్ సైకిలు ఆ వెసులుబాటును తగ్గించేసింది.

ధర సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. నల్ల సైకిలు పదివేల లోపు దొరుకుతుంది. పై తరగతి రోడ్‌బైకు దిగుమతి సరుకు. 2023 బడ్జెట్‌లో దిగుమతి సైకిళ్ల మీద కస్టమ్స్ సుంకం 30 నుంచి 35 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు మాత్రం ఆ తగ్గింపు రెండింటికీ ఒకేలా అందింది.

సైజు దగ్గర రెండు సంప్రదాయాల స్వభావమూ బయటపడుతుంది. నల్ల సైకిలు ఫ్రేము ఇరవై రెండు అంగుళాలు, లేదా ఇరవై నాలుగు. అంతే. పొట్టివాడైనా పొడుగువాడైనా ఆ రెండింటిలో ఒకదానికి అలవాటు పడాలి. కాళ్లందని పిల్లలు ఫ్రేము లోంచి కాలు దూర్చి తొక్కి నేర్చుకున్నారు. మనిషే సైకిలుకు సర్దుకోవాలన్నది ఇక్కడి సూత్రం. రోడ్‌బైకు అలా కాదు. ఒకే మోడలు ఆరేడు సైజుల్లో వస్తుంది. పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ మెడ ఎంత ఎత్తులో ఉంది, ఎంత ముందుకు ఉంది అన్న రెండు కొలతలను కంపెనీలు మిల్లీమీటర్లలో అచ్చు వేస్తాయి. మనిషికి సైకిలు సర్దుకోవాలన్నది అక్కడి సూత్రం. ఇంత కొలత ఉన్నా కొనేవాళ్లు రంగు చూసో, గేర్ల పేరు చూసో, షాపులో ఉన్న సైజుతో సరిపెట్టుకునో కొనేస్తారు. లక్షలు పోసి నల్ల సైకిలు సూత్రానికి తలవంచడమే అది.

ఇక బిగింపు. ఇక్కడ నాకు ఎప్పటికీ మరపురాని దృశ్యం చక్రం బెండు తీయడం. మేస్త్రి సైకిలును తలకిందులు చేసి, చక్రాన్ని ఒక్కసారి తిప్పి వదులుతాడు. ఫోర్కు మీద బొటనవేలు ఆనించి, గోరు రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో పెడతాడు. రిమ్ము ఎక్కడ గోరును తాకిందో అక్కడ ఆపి, ఎదుటి వైపు పుల్ల పావు చుట్టు బిగిస్తాడు, తాకిన వైపు పుల్లను ఆ మేరకు వదులు చేస్తాడు. మళ్లీ తిప్పుతాడు. ముందు చక్రానికి ముప్ఫై రెండు పుల్లలు, వెనక చక్రానికి నలభై. చివర్లో రెండేసి పుల్లలను వేళ్లతో నొక్కి చూస్తాడు, ఒక్కోదాన్ని మీటి చెవి పెడతాడు. శబ్దం బోలుగా వచ్చిన పుల్ల దగ్గర మళ్లీ ఆగుతాడు.

రోడ్‌బైకు చక్రం కూడా సరిగ్గా ఇలాగే నిలుస్తుంది. అక్కడ బొటనవేలు బదులు ట్రూయింగ్ స్టాండు, చెవి బదులు పుల్ల బిగువును అంకెల్లో చూపే మీటరు. పుల్లలు ఇరవై నాలుగుకు తగ్గాయి, రిమ్ము కార్బన్‌ది. కానీ ఒక పుల్ల బిగిస్తే దాని పక్కవాటి బిగువు మారుతుందన్న సత్యం మారలేదు. మంచి చక్రాలు కట్టేవాళ్లు మీటరు చూశాక కూడా పుల్లలు మీటి వింటారు.

హబ్బుల సంగతీ అంతే. మన ఓవరాయిలింగ్ గుర్తు తెచ్చుకోండి. ఇరుసు విప్పి, బాల్సును కిరసనాయిల్లో కడిగి, కప్పులో కొత్త గ్రీజు పూసి, బాల్సు పేర్చి కోను బిగించడం. కోను ఎక్కువ బిగిస్తే గరగరలాడుతుంది, తక్కువైతే చక్రం ఊగుతుంది. సరిగ్గా ఉందా లేదా అన్నదానికి మేస్త్రి పరీక్ష సులువైంది: చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలితే, వాల్వు బరువుకే అది కిందికొచ్చి, కాసేపు అటూ ఇటూ ఊగి ఆగాలి. 1921లో జపాన్‌లోని సకాయ్‌లో పుట్టిన షిమానో కంపెనీ తన అత్యంత ఖరీదైన డ్యూరా-ఏస్ హబ్బుల్లోనూ దశాబ్దాల పాటు ఈ కప్పు, కోను పద్ధతినే నిలుపుకుంది.

తేడా ఎక్కడంటే, తప్పును ఓర్చుకోవడంలో. నల్ల సైకిలు ఉక్కుది. సీటు నట్టు కాస్త ఎక్కువ బిగిస్తే ఏమీ కాదు. ఫోర్కు వంగితే మేస్త్రి సరిచేస్తాడు, ఫ్రేము విరిగితే వెల్డింగు షాపులో అతుకుతుంది. కార్బన్ ఫ్రేములో సీటు గొట్టాన్ని పట్టే బోల్టును సాధారణంగా అయిదారు న్యూటన్ మీటర్ల బిగువుకే బిగించాలి. ఎంతన్నది ఆ భాగం మీదే అచ్చు వేసి ఉంటుంది. టార్క్ రెంచి ఆ అంకెను చేరగానే టక్కుమంటుంది, అక్కడ చెయ్యి ఆపాలి. గొట్టం జారకుండా గ్రీజు బదులు ఇసుక రేణువుల్లాంటి పలుకులున్న పేస్టు పూస్తారు. ఆ పేస్టు వల్ల తక్కువ బిగువుతోనే పట్టు దొరుకుతుంది. అలవాటైన బలంతో ఇంకో అర చుట్టు బిగిస్తే కార్బన్ పొరల్లో పగులు రావచ్చు, అది పై రంగు కింద కంటికి కనబడకపోవచ్చు. నల్ల సైకిలు మేస్త్రి చేతి అంచనాను నమ్మింది. కార్బన్ సైకిలు అదే చేతికి ఒక అంకెను తోడిచ్చింది. నేర్పు అక్కర్లేకుండా పోయిందని దీనికి అర్థం కాదు. ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యే రెండు చోట్లా కావాలి.

టైర్ల విషయంలో మాత్రం పందెం సైకిలు మన వైపు నడిచి వచ్చింది. నల్ల సైకిలుది ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. రోడ్‌బైకుది 622. తేడా పదమూడు మిల్లీమీటర్లే. వెడల్పు దగ్గరే దూరం ఉండేది: మనది ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు, పందెగాళ్లది 23 మిల్లీమీటర్లు, అందులో రాయిలా గట్టిపడేదాకా గాలి. సన్నగా, గట్టిగా ఉంటేనే వేగమని చాలాకాలం నమ్మారు. నిజమైన రోడ్డు నున్నగా ఉండదు; గట్టి టైరు ప్రతి గరుకు మీదా ఎగిరి, ఆ ఎగరడంలోనే బలం వృథా చేస్తుందని పరీక్షల్లో తేలాక, ఇప్పుడు పందేల్లోనే 28 మిల్లీమీటర్లు మామూలైంది, గాలి కూడా తగ్గించారు. మట్టి రోడ్డు మీద పాలక్యాన్లు మోసిన సైకిలుకు ఈ సంగతి పుట్టుకతోనే తెలుసు.

పంచరు దగ్గర మళ్లీ దారులు వేరు. ట్యూబును నీళ్ల తొట్లో ముంచి, బుడగ వచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ముక్క అంటించే విద్య మన ప్రతి కూడలిలో ఉంది. ట్యూబ్‌లెస్ రోడ్‌బైకు టైరులో పాలలాంటి ద్రవం పోస్తారు. చిన్న చిల్లులను అదే పూడుస్తుంది, పెద్ద చిల్లు పడితే మాత్రం బండి ఆగుతుంది. అప్పుడు దారిలోని పంచరు షాపుకు వెళ్తే అక్కడి పంపు ఆ సన్నటి ప్రెస్టా వాల్వుకు పట్టదు. కొన్ని రూపాయల ఇత్తడి అడాప్టరు జేబులో ఉంటే పడుతుంది. లక్షల సైకిలు కొన్నవాళ్లు మొదట కొనవలసిన వస్తువుల్లో అదొకటి.

ఇక మనిషిని సైకిలు మీద కూర్చోబెట్టడం. నా దృష్టిలో ఈ పోలికకు గుండె ఇదే. మన షాపులో సీటు ఎత్తుకు సూత్రం ఒకటే: కూర్చుంటే కాళ్లు నేలకు ఆనాలి. రోడ్‌బైకు సూత్రం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ నేలతో పని లేదు, పెడలుతోనే పని. గోడకు ఆనుకుని, పుస్తకాన్ని రెండు కాళ్ల మధ్య పైకి గట్టిగా నొక్కిపట్టి, అక్కణ్నుంచి నేలకు ఎంతో కొలుస్తారు. అమెరికన్ విజేత గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ప్రకారం ఆ కొలతను 0.883తో గుణించాలి. కాలి కొలత 80 సెంటీమీటర్లయితే పెడళ్ల ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా 70.6. అది మొదటి అంచనా మాత్రమే. ఫిట్టింగ్ చేసేవాళ్లు ఆ తరవాత మనిషిని స్టాండు మీద తొక్కిస్తూ, పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు ఎంత వంగి ఉందో చూసి సరిచేస్తారు. నిటారు నుంచి 25–35 డిగ్రీల వంపు మంచిదని వాళ్ల లెక్క. సీటు ముందుకా వెనక్కా, బూటు అడుగున పెడలుకు తగిలే క్లీటు పాదంలో ఎక్కడ ఉండాలి, చేతులు ఎంత చాచాలి, ఒక్కొక్కటీ మిల్లీమీటర్ల పని.

మన సూత్రం తెలివితక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. బజారులో పది గజాలకోసారి ఆగాలి, వెనక బియ్యం బస్తా ఉంటుంది, ముందు కడ్డీ మీద పిల్లాడుంటాడు. అక్కడ కాలు నేలకు అందడమే ప్రాణరక్ష. నడుం నిటారుగా ఉంటుంది గనక కళ్లు వీధి మీద ఉంటాయి. అదే తీరుగా, రోడ్‌బైకు మీద నడుం వంచి కూర్చోవడం వట్టి షోకు కాదు. గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటాక తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు మీద తొక్కేవాళ్లకూ, పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు సవారీ పూర్తి చేసేవాళ్లకూ ఈ భంగిమ అవసరం. ఏ పనికి ఆ కూర్చునే తీరు.

కానీ ఒక విషయంలో మన సంప్రదాయం బాకీ పడింది. సీటు ఎత్తు బజారుకు సరిపోయేలా పెట్టి, అదే ఎత్తుతో పది కిలోమీటర్లు తొక్కిస్తోంది. మోకాలు ప్రతి తొక్కుడుకూ బాగా వంగి, ఆ వంపులోంచే బరువంతా తోయాలి. కాలి బలం పూర్తిగా పెడలుకు చేరదు, మోకాలు మాత్రం నొప్పి దాచుకుంటుంది. కార్బన్ సైకిలు సంప్రదాయమూ మరో బాకీ పడింది. విద్యను పెద్ద నగరాల కొద్ది షాపుల్లో దాచింది. షిమానో 2009లో మార్కెట్లోకి తెచ్చిన డీఐ2తో గేర్లు విద్యుత్తుతో మారడం వాడుకలో నిలదొక్కుకుంది. 2021 నాటికి హ్యాండిల్ మీది మీటలు వైరు కూడా లేకుండా గడియారం బ్యాటరీలతో పనిచేస్తున్నాయి. పని ముచ్చటగా ఉంటుంది, పాడైతే సామాన్య మేస్త్రి చెయ్యి పెట్టలేడు. మరోవైపు ఆ సామాన్య మేస్త్రి బల్లే పలచబడుతోంది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం మూతపడింది. ఆ వార్త చదివిన మన తరంలో చాలామందికి అది ఒక కంపెనీ సంగతిగా అనిపించలేదు.

రెండు సంప్రదాయాలనూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు తేలిందిది. కొలత రోడ్‌బైకు ఇచ్చిన వరం, హస్తవాసి నల్ల సైకిలు ఇచ్చిన వరం. కొలత లేని హస్తవాసి మోకాళ్లను అరగదీస్తుంది. హస్తవాసి లేని కొలత ఫ్రేమును పగలగొడుతుంది. అందుకే ఖరీదైన రోడ్‌బైకు కొనేవాళ్లకు నేను చెప్పేది: ముందు శరీరాన్ని కొలిపించుకోండి, తరవాతే సైకిలు ఎంచుకోండి. పై మెట్టు గేర్లకు పోసే డబ్బులో కొంత తగ్గించి మంచి ఫిట్టింగుకూ, టార్క్ రెంచికీ, చక్రం విప్పి ట్యూబు మార్చడం నేర్చుకోవడానికీ పెట్టండి. బిగించేటప్పుడు పక్కన నిలబడండి, మీ తాతగారు స్టూలు మీద కూర్చుని చూసినట్టే.

నల్ల సైకిలు ఉన్న ఇళ్లకు చెప్పేది ఇంకా ముఖ్యం, దానికి ఒక పానా చాలు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. పిల్లలు ఏటా ఎదుగుతారు, సీటు మాత్రం ఇచ్చిన రోజు ఎత్తులోనే ఉండిపోతుంది. సైకిలును గోడకు ఆనించి పిల్లను కూర్చోబెట్టండి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనితే కాలు నిటారుగా ఉండాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగితే ఎత్తు సరిపోయినట్టు. సీటు గొట్టం మీద గీత ఉంటే అది బయటికి కనబడనంత మేరకే పైకి లాగాలి. కొత్తగా నేర్చుకునే పిల్లకు మాత్రం కాలు నేలకు అందనివ్వండి, తొక్కడం వచ్చాక కొంచెం కొంచెంగా పెంచండి. పందెం సైకిళ్ల దగ్గర నేర్చుకున్న ఈ విద్యకు మన వీధిలో రూపాయి ఖర్చు లేదు. ఈ ఆదివారమే మీ ఇంటి సైకిలు సీటు ఎత్తు చూడండి.